గొంతుకు కాయలు కాసిన కాలం

నాకు నోరు ఎక్కువ. ఇది నా మీద నేను వేసుకొనే నింద కాదు, పెద్దకడుబూరు కాడి నుంచి ఎమ్మిగనూరు దాకా మమ్మల్ని ఎరిగినోళ్ళు ఎవర్ని అడిగినా చెప్తారు. పత్తి చేన్లో నిలబడి అన్నం తినేకి రాండమ్మా అని నేనొక కేక వేస్తే, మా కూలోళ్ళే కాదు, పక్క చేన్లో వాళ్ళు కూడా సద్దిమూటలు విప్పేవాళ్ళు. ఆ చేని రైతు ఒకసారి గట్టు దాటి వచ్చి, అమ్మా నీకు దండం పెడతా, మావాళ్ళకు ఇంకా రెండు సాళ్ళు మిగిలినాయి, కొంచెం ఆగి పిలువు అని అడిగి పోయినాడు.

నోటితో పాటు నాకు ఇంకొక జబ్బు ఉంది. ఎవరన్నా ఏదన్నా అడిగి నా మొగం చూస్తే, ఆ మధ్యలో ఉండే ఖాళీని నేను ఓర్చుకోలేను. దాంట్లోకి గబుక్కున ఒక 'సరే' పడేస్తా. పెద్ద గిన్నె ఇస్తావా అంటే సరే. పిల్లను ఎత్తుకొంటావా అంటే సరే. ఒక ఆదివారం మూడిండ్ల ఫంక్షన్లకు వంటకు వస్తానని సరే అని, ఒక ఇంట్లో ఉల్లిగడ్డలు కోసి, ఇంకొక ఇంట్లో తాలింపు పెట్టి, మూడో ఇంటికి పోయేసరికి వాళ్ళు తిని చేతులు కడుక్కొంటాండారు. మా ఆయన నవ్వి నవ్వి, నిన్ను దెయ్యం అడిగినా సరే అంటావే అన్నాడు. దానికి కూడా సరే అన్నానంట, నాకు గుర్తు లేదు.

ఆ ఏడు వానలు ముందు మోసం చేసి, తర్వాత వద్దన్నప్పుడు వచ్చినాయి. పత్తి మొదటి తీతకే పురుగు పడింది, రెండో తీత లేనే లేదు. మా దిక్కు ఇట్లాంటి ఏడు జనం సుగ్గికి పోతారు. సుగ్గి అంటే గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపేకి పోవడం. బియ్యం, చాపలు, చట్లు, పిల్లలు, కోళ్ళు అన్నీ లారీకెక్కించి, మూడు నాల్గు నెలలు ఆ చేన్ల పక్కనే గుడిసెలు వేసుకొని బతికేది. నేను, మా ఆయన ఎన్నో ఏండ్లు పోయినాం. మా పాపను అత్త కాడ వదిలి పోయేవాళ్ళం. ఈసారి అట్ల కుదరదు. మా అత్తకు చెవులు పూర్తిగా పోయినాయి, ఎవరన్నా తలుపు విరగ్గొట్టినా ఆమెకు తెల్దు. ఎదిగిన పిల్లను ఆమె మీద ఎట్ల వదిలి పోయేది? పాప ఆ ఏడు పదో తరగతి. పరీక్షలు సరిగ్గా సుగ్గి నడిమధ్యలో వస్తాయి.

సుగ్గికి జనాన్ని కూర్చే మేస్త్రి క్రిస్మస్ అయిన మూడో దినం మా ఇంటికి వచ్చినాడు. చక్కెర నోటి మనిషి. అక్కా, నువ్వు వస్తే పదహైదు మంది ఆడోళ్ళు నీ వెనక వస్తారు, ఈసారి పాపను కూడా తీసుకురా, చిన్న వేళ్ళు మిరపకాయను బాగా పడతాయి, పరీక్షలు వచ్చే ఏడు రాసుకోవచ్చు అన్నాడు. మా ఆయన నా మొగం చూసినాడు. నువ్వేమంటే అదే అన్నాడు. పాప వాకిట్లో గిన్నెలు తోముతా తోముతా చెయ్యి ఆపింది. మేస్త్రి కూడా నా మొగం చూసినాడు. ఖాళీ వచ్చింది. నేను నోరు తెరిచినా.

సరే రాలేదప్పా. కుయ్‌మని ఒక శబ్దం వచ్చింది, కుక్కపిల్లను తొక్కినట్ల. క్రిస్మస్‌కు పది దినాల ముందు నుంచి సంఘం పాటలన్నీ నేనే ఎత్తుకొంటి, మైకు లేకుండా. గొంతు బరబరమంటాంటే మిరియాల కషాయం తాగి మళ్ళీ పాడితి. అది చెప్పాపెట్టకుండా ఆ నిమిషమే పోయింది. మళ్ళీ ప్రయత్నం చేస్తే మళ్ళీ కుయ్. మేస్త్రి నవ్వినాడు, మా ఆయన నవ్వినాడు, నాకే నవ్వొచ్చింది, ఆ నవ్వు కూడా కుయ్ అనే వచ్చింది. ఆ గలాటలో తల ఊపాల్సిన సంగతే మర్చిపోతి. లారీ వచ్చే దినం నేనే వస్తా, అప్పటికి గొంతు సరి చేసుకొని చెప్పు అక్కా అని మేస్త్రి పోయినాడు.

ఆదోనిలో గొంతు డాక్టరు సన్నటి పైపు లోపలికి వేసి చూసినాడు. గొంతులో రెండు తీగలుంటాయంట. పార పట్టి పట్టి చేతికి కాయలు కాసినట్ల, అరిచి అరిచి వాటికి కాయలు కాసినాయంట. ఇరవై ఒక్క దినాలు ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస అసలే పనికిరాదు, అరుపు కంటే గుసగుసే చెడ్డది అన్నాడు. మా ఆయన చేతులు కట్టుకొని, సార్, ఆ మాట చీటీ మీద తెలుగులో రాసియ్యండి అని అడిగినాడు. డాక్టరు పాపం నిజంగానే రాసిచ్చినాడు. 'మాట్లాడరాదు' అని, కింద గీత కొట్టి. మా ఆయన ఆ చీటీని బస్సులో కండక్టరుకు చూపించినాడు. దిగినాంక టీ అంగట్లో చూపించినాడు. ఇంటికొచ్చి సువార్త పుస్తకం మాదిరి గూట్లో నిలబెట్టినాడు.

పాప తన పాత నోటుబుక్కు ఒకటి ఇచ్చి, ఏం కావాల్నో దీంట్లో రాయమ్మా అనింది. నేను తొమ్మిదో తరగతి దాకా చదివినా. పెన్ను పట్టుకొని ఎన్నేండ్లయిందో. మొదటి దినం 'ఉప్పు' అని రాసేకి ఎంత సేపు పట్టిందంటే, అప్పటికి పప్పు దించేసినారు. ఆ నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీదే ఇప్పుడు ఇది కూడా రాస్తాండా.

మూగదాన్నయినాంక నా బతుకు చూడాల. కోళ్ళను పిలిచేకి చప్పట్లు కొడితే అవి పారిపోతాయి. ఫోను మోగితే ఎత్తి చెవి కాడ పెట్టుకొని నిలబడతా, అవతలోళ్ళు హలో హలో అని అలిసిపోయి తిట్టి పెట్టేస్తారు. మా అత్త సంగతి ఇంకా ఘోరం. నేను మాట్లాడడం లేదని ఆమెకు నాలుగో దినం గాని తెలీలేదు. తెలిసినాంక నా గడ్డం పట్టుకొని, నాకు చెవుడొచ్చి మూడేండ్లయింది, నీకు నోరు పోయి మూడు దినాలే, దీనికే ఇంత మొగం వేలాడేస్తే ఎట్ల అని గట్టిగా అరిచింది. ఊరంతా విన్నారు, ఆమె తప్ప.

ఆ తర్వాత జనం రావడం మొదలుపెట్టినారు. నోరు లేనిదానికి చెప్తే బయటికి పోదు అనుకొన్నారేమో, ఒక్కొక్కరే వచ్చి నా మంచం మీద కూర్చొని కడుపులో ఉన్నదంతా కక్కిపోతాండారు. ఎవరి కోడలు ఎవరిని ఏమనింది, ఎవరు చీటీ పాటలో ఎవరిని ముంచినారు, అన్నీ నాకే. వినేది, మింగేది. నా కడుపు ఉబ్బిపోయింది. ఒక దినం పక్కింటామె వచ్చి కండ్ల నీళ్ళు పెట్టుకొని, రెండేండ్ల కింద మీ ఎర్ర కోడిపుంజు తప్పిపోయింది గదా, దాన్ని మేమే కోసుకొని తింటిమి, నా మనసు ఊరుకోవడం లేదు అనింది. ఆ పుంజు కోసం నేను మూడు వీధులు తిరిగి శాపనార్థాలు పెట్టిండా. నోటుబుక్కు తీసుకొని, పేజీ నిండా పెద్ద అక్షరాలతో, 'రెండు ముక్కలన్నా పంపించింటే నీ సొమ్మేం పోతుండె' అని రాసి ఆమె మొగం ముందర పట్టినా. ఆమెకు చదువు రాదు. నేను క్షమించినా అని రాసినాననుకొని నా చేతులు కండ్లకద్దుకొని, నీ మనసు బంగారమమ్మా అని పోయింది.

ఇట్ల నవ్వుకొంటానే ఉంటి. కానీ లారీ వచ్చే దినం దగ్గరవుతాంది. పాప నా కాడ ఆ మాటే ఎత్తదు. పుస్తకం ముందరేసుకొని కూర్చుంటుంది, నేను చూస్తే చదువుతుంది, చూడకపోతే గోడ చూస్తుంది. మా ఆయనా అడగడు. డాక్టరు రాసిచ్చినాడు గదా, ఆమె చెప్పేదాకా ఆగుదాం అంటాడు. ఒక సాయంత్రం నేనే ఏదో ఒకటి తేల్చేద్దామని నోటుబుక్కులో 'సరే' అని రాసినా. రాసి చూస్తే అది యాడికీ పోలేదు. నోటితో అన్న సరే అన్న వెంటనే గాలిలో కలిసిపోతుంది, ఇది ఆడనే కూర్చొని నన్నే చూస్తాంది. కొట్టేసినా.

రెండో ఆదివారం గుడికి పోయినాం. మా సంఘంలో ప్రార్థన అంటే అందరూ ఒకేసారి, ఎవరిది వాళ్ళు, గట్టిగా చేసేది. ఎవరి ప్రార్థన ఎవరికీ వినపడదు, అదే దాంట్లోని సుఖం. దేవునికి తప్ప ఎవరికీ తెల్దు కాబట్టి ధైర్యంగా ఏమన్నా అడగొచ్చు. ఇన్నేండ్లలో అందరికంటే పెద్ద గొంతు నాదే. ఆ పొద్దు మాత్రం నేను కండ్లు మూసుకొని గమ్మున కూర్చుంటి. అప్పుడు తెలిసింది, నోరు మూసుకొన్నోళ్ళకు అన్నీ వినపడతాయని. వెనక ఒకామె తన కోడలి నాలుక కురచ చెయ్యమంటాంది. ముందర ఇంకొకామె నా గొంతు కోసమే ప్రార్థన చేస్తాంది, కానీ తొందరేమీ లేదు ప్రభువా అని కూడా చేర్చింది. నేను పండ్లు బిగపట్టుకొని నవ్వు ఆపుకొంటాంటే, నా ఎడమ పక్కనుంచి పాప గొంతు వినపడింది.

"ప్రభువా, మా అమ్మ గొంతు బాగు చెయ్యి తండ్రీ. కానీ ఇప్పుడే వద్దు. సుగ్గి లారీ పోయినాంక చెయ్యి. ఇప్పుడు మాటొస్తే మా అమ్మ సరే అంటాది. ఆమె మంచిదే ప్రభువా. ఆమెకు వద్దు అనేది రాదు, అంతే."

నాకు మొదట నవ్వే వచ్చింది. దేవుని కాడ తారీఖు కూడా తానే చెప్తాంది చూడు అని. శబ్దం రాకుండా నవ్వాల గదా, ఒళ్ళంతా ఊగింది. ఊగతా ఊగతా అది ఏడుపయింది. అదీ శబ్దం లేకుండానే. పక్కోళ్ళు చూసి ఆత్మ దిగిందనుకొన్నారు. పాస్టరయ్య వచ్చి తల మీద చెయ్యి పెట్టినాడు, నలుగురు ఆడోళ్ళు చుట్టూ చేరి స్తోత్రం స్తోత్రం అని ఎత్తుకొన్నారు. వాళ్ళు గట్టిగా ప్రార్థన చేసేకొద్దీ నేను ఇంకా ఊగుతాండా. కాదు నాయనా, నన్ను ముట్టింది నా పక్కన కూర్చున్న ఈ పిల్ల అని చెప్పేకి నోరు లేదు. ఆ ఆదివారం మా ఊర్లో నా గౌరవం పెరిగిపోయింది.

మరుసటి దినం నుంచి మా అత్తతో మా చేనికి పోయినా. సగం విచ్చిన కాయల్లో మిగిలిన పత్తి ఏరేకి. ఆమె ఒక సాలు, నేను ఒక సాలు. ఒకామెకు వినపడదు, ఒకామె మాట్లాడదు, ఆ చేన్లో మాట్లాడేది పిట్టలే. ముందు రెండు దినాలు నాకు నెమ్మది లేదు. నోరు మూస్తే లోపల నేనే మాట్లాడుతాండా. పక్కింటామెతో కోడిపుంజు గురించి లోపల ఎంత పెద్ద జగడం చేసినానో, మూడుసార్లు నేనే గెలిచినా. పాత పాటలు, ఫోను రింగు, అందరికీ ఇవ్వాల్సిన జవాబులు, అన్నీ లోపల తిరుగుతాండె. అట్ల మాట్లాడి మాట్లాడి మూడో దినం లోపలిది కూడా అలిసిపోయింది.

అప్పుడు నా సుగ్గి కథ గుర్తొచ్చింది. ఇది నేను నూరుసార్లు చెప్పి జనాన్ని నవ్వించిన కథ. నేను తొమ్మిదో తరగతిలో ఉండంగా మా ఇంటికి మేస్త్రి వచ్చి, వస్తావా పాపా అని అడిగినాడు. లారీ ఎక్కొచ్చని నేను ఎగిరి, ఓ వస్తా అన్నా. ఆడ చదువుకొంటానని పుస్తకాల సంచి కూడా తీసుకొనిపోయినా. నాల్గు నెలలకు అదే సంచి నిండా ఎండు మిరపకాయలు పోసుకొని వచ్చినా. తర్వాత ఏడు పుస్తకం తెరిస్తే తుమ్ములే తుమ్ములు. ఆ తుమ్ములు నేను చేసి చూపిస్తే సంఘంలో పిల్లలు పడిపడి నవ్వేవాళ్ళు. బడికి మాత్రం మళ్ళీ పోలేదు, ఆ మాట కథలో చివర గబగబా చెప్పేసేదాన్ని.

ఆ పొద్దు చేన్లో ఆ కథ వచ్చింది గాని నవ్వు రాలేదు. నోటితో చెప్పేటప్పుడు నేనే ముందు నవ్వుతా, అందరూ నవ్వుతారు. నోరు లేకపోయేసరికి కథ ఒక్కటే మిగిలింది. దాంట్లో ఎప్పుడూ చూడనిది ఒకటి కనపడింది. మేస్త్రి అడిగినప్పుడు మా అమ్మ పొయ్యి కాడ కూర్చొని ఏదో చెప్పేకి నోరు తెరిచింది. ఆమె చెప్పే లోపల నేను వస్తా అంటి. ఆమె నోరు మూసుకొనింది. ఏం చెప్పబోయిందో నేను ఒక్క దినమన్నా అడగలేదు. ఇప్పుడు అడిగేకి ఆమె లేదు. నేను సాలు మధ్యలో కూలబడి, పత్తి ఒడిలో పోసుకొని, ఆమె ఏమని ఉంటుందో అని చాలాసేపు కూర్చుంటి. లోపల ఒక మాట వచ్చింది. వద్దు. అది మా అమ్మ గొంతో నాదో తెలీలేదు. నాదయితే అంత మెల్లగా ఉండేది కాదు. మెల్లగా ఉన్నా, ఎన్నిసార్లు ఎదురు మాట్లాడినా అది ఆడనే ఉండె, కదల్లేదు.

ఎదురు మాట్లాడకుండా ఉంటానా? పత్తి పోయింది, ఇంట్లో ఏముంది, నేనూ ఈడుంటే మా ఆయన ఒక్కడి చేతుల మీద నాల్గు నెలలు ఎట్ల అని అడిగినా. భయమయితే నిజంగానే అయింది. కానీ వద్దు అనేది పోలేదు. ఇంటికొచ్చి వద్దు అనేది అలవాటు చేసుకొందామని మేక ముందర నిలబడినా. అది ఆకు కోసం నా మొగం చూసింది. వద్దు అని తల ఊపినా. అది చూస్తానే ఉంది. ఎంతసేపని ఓర్చుకొనేది, ఒక మండ వేసేసినా. ఇదీ నా బలం.

ఇరవై ఒక్క దినాలయినాంక ఆదోనికి పోతిమి. డాక్టరు మళ్ళీ పైపు వేసి, కాయలు కరిగినాయి, ఏదీ ఒకసారి ఆ అను అన్నాడు. అంటి. సన్నగా, ఎవరో చిన్న పిల్ల గొంతు మాదిరి వచ్చింది. మా ఆయన తుండుగుడ్డతో కండ్లు తుడుచుకొన్నాడు, దుమ్ము పడింది అన్నాడు. మెల్లగా మాట్లాడమ్మా, జన్మలో మళ్ళీ అరవొద్దు అని డాక్టరు చెప్పినాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చొని నా మొదటి మాట మా ఆయనకు చెప్పినా. పాపను పంపను, పాప కోసం నేను కూడా ఈడే ఉంటా అని. ఆయప్ప ముందర సీటు కమ్మీ పట్టుకొని రోడ్డు చూస్తా కూర్చున్నాడు. ఆ ఖాళీలోకి ఏదన్నా పడేద్దామని నా నోరు ఎంత దురద పెట్టిందో నాకే తెలుసు. పడెయ్యలేదు. మా స్టేజీ కాడ దిగినాంక, సరే, నేను పోతా, మీరిద్దరూ జాగ్రత్త అన్నాడు. మా ఇంట్లో సరే ఆయప్ప చెప్పడం అదే మొదటిసారి.

ఊర్లోకి వస్తే లారీ అప్పుడే వచ్చి నిలబడింది. సగం మంది మూటలు ఎక్కించేసినారు. మేస్త్రి మా వాకిట్లోనే కూర్చోనుండాడు. లారీ వచ్చిందని విని పాప బడి నుంచి మధ్యలోనే వచ్చేసి, గుంజకు ఆనుకొని నిలబడింది. నాకు మాటొచ్చిందని ఆ పిల్లకు తెల్దు. ఇప్పుడు నాకు అసలు భయం పట్టుకొనింది. నోరయితే తిరిగొచ్చింది, పాత జబ్బు కూడా దాంతోనే తిరిగొచ్చిండాదేమో? మేక ముందరే ఓడిపోయినదాన్ని.

మేస్త్రి లేచి, అక్కా, గొంతు ఎట్లుంది, నువ్వు మాట్లాడొద్దులే, తల ఊపితే చాలు, పాపను కూడా ఎక్కించినట్లే గదా అని నవ్వతా నా మొగం చూసినాడు. సరే పండ్ల దాకా వచ్చింది. నేను పాప దిక్కు చూసినా. ఆ పిల్ల కండ్లు గట్టిగా మూసుకొనుండాది, పెదవులు కదులుతాండాయి. దేవునికి చివరి నిమిషంలో తారీఖు గుర్తు చేస్తాంది. నేను ఆ ఖాళీని అట్లే వదిలిపెట్టినా. మేస్త్రి నవ్వు కొంచెం తగ్గింది. చేన్లో విన్నది లోపల ఆడనే ఉందా అని వెతుక్కొన్నా. ఉంది.

"పాప రాదప్పా. పరీక్షలుండాయి. నేను కూడా రాను."

అంత సన్నటి గొంతు యాడి నుంచి వచ్చిందో అని మేస్త్రి నా వెనక చూసినాడు. నేనే అని తెలిసినాంక బతిమిలాడినాడు, పదహైదు మంది సంగతి చెప్పినాడు, కోపం చేసినాడు. మాట అయిపోయి నా మొగం చూసిన ప్రతిసారీ నేను కూడా ఆయప్ప మొగమే చూసినా. చివరకు మా ఆయన మూట తీసుకొని, నేనొస్తాండా పద అని లారీ దిక్కు నడిచినాడు.

పాప కండ్లు తెరిచి నన్నే చూస్తాంది.

"అమ్మా, నీకు మాటొచ్చిందా?"

"వచ్చింది. నీ ప్రభువుకు తొందరెక్కువ పాపా. లారీ పోయినాంక ఇయ్యమంటే, పోకముందే ఇచ్చేసినాడు."

ఆ పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. మొగం ఎర్రగా అయింది. గుంజ వదిలి నా దగ్గరికి వచ్చి, చాలా మెల్లగా అడిగింది. "అంటే, నువ్వు విన్నావా?"

"ఆ పొద్దే విన్నా. దానికి ముందు పదహైదేండ్లు నేనే మాట్లాడుతాంటి గదా."